దాశరథీ శతకంలో నాల్గవ పాదారంభం : నియతాక్షర పదాన్వేషణం

కొన్ని అక్షరాలను ముందుగా ఏర్పరచుకొని, అవి గల పదాన్ని జ్ఞాపకంలోనో నిఘంటువులోనో వెదకడం ఆంగ్లభాషలో ఒక వినోదం. 1913లో ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ ప్రకటించిన గళ్ళనుడికట్టు ఈ వినోదాన్ని లోకవ్యాప్తం చేసింది. తెలుగులో ఇదే పని వినోదం కాదు, విధి. వృత్తపద్యం వ్రాయబూనిన ప్రతి కవీ ద్వితీయాక్షరం నియతమైన పదాన్ని పాదానికొకసారి వెదకక తప్పదు. యతిస్థానంలో మరొక నియమం అతనికై కాచుకొని ఉంటుంది. అవధానంలో న్యస్తాక్షరి ఈ విధినే సభాముఖంగా పరీక్షించే అంశం. పృచ్ఛకుడు ఫలానా పాదంలో ఫలానా స్థానాన ఫలానా అక్షరం రావాలని కోరుతాడు, అవధాని దానిని అర్థభంగం లేకుండా పొదుగుతాడు. అవధాని కాని కవికి సైతం, పృచ్ఛకుడు ఎదుట లేకపోయినా, ఇట్టి న్యస్తాక్షరి నిత్యకృత్యమే.

ఈ విషయానికి మిక్కిలి స్పష్టమైన ఉదాహరణం ఖమ్మం మండలంలోనే లభిస్తున్నది. ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే దారి రామభక్తులకు చిరపరిచితం. వైరాకు ఒక దిక్కున కంచెర్ల గోపన్న జన్మించిన నేలకొండపల్లి, మరొక దిక్కున అతడు కోవెల కట్టించిన భద్రగిరి ఉన్నాయి. గోల్కొండ నేలిన అబుల్ హసన్ తానీషా (1672–1687) కాలంలో పాల్వంచ పరగణాలో ఉద్యోగం చేసి, రామదాసుగా ప్రఖ్యాతుడైన గోపన్న రచించిన దాశరథీ శతకం పాఠ్యపుస్తకాల ద్వారా తెలుగువారందరికీ పరిచితమైనది. దానిలోని భక్తిని గురించి, ఆత్మనివేదనను గురించి విస్తారంగా చర్చ జరిగింది. ఆ శతకపు నాల్గవ పాదం ఎట్లా మొదలవుతుందన్న ప్రశ్నకు మాత్రం అంతటి ఆదరం దక్కలేదు. తరగతిలో విద్యార్థి ఎవరైనా “ఇక్కడ ఈ మాటే ఎందుకు వచ్చింది?” అని అడిగితే, “యతి కోసం, ప్రాస కోసం” అన్న సమాధానంతో పాఠం ముందుకు సాగిపోవడం కద్దు. ఆ సమాధానం అసత్యం కాదు గాని, విద్యార్థి అక్కడ ఆగిపోతే అది పాదపూరణకు వేసిన మాట అన్న భావం అతని మనస్సులో నిలిచిపోతుంది. భక్తకవి పట్ల అది అన్యాయం.

మకుటం ఆక్రమించిన చోటు

దాశరథీ శతకం ఉత్పలమాలలు, చంపకమాలలతో నడిచినది. మకుటం ‘దాశరథీ’ అన్న సంబోధనతో ఆరంభమై పదకొండు అక్షరాల పరిమితి కలిగినది. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, యతిస్థానం 10వ అక్షరం. చంపకమాలకు 21 అక్షరాలు, యతిస్థానం 11వది. ఉత్పలమాల పాదాంతం నుంచి పదకొండు అక్షరాలు వెనుకకు లెక్కిస్తే చేరేది 10వ అక్షరానికే. చంపకమాలలో అట్లే లెక్కిస్తే చేరేది 11వ అక్షరానికే. ఈ పదకొండు అక్షరాల గురులఘుక్రమం రెండు వృత్తాలలోనూ ఒక్కటే: గురువు, రెండు లఘువులు, గురువు, రెండు లఘువులు, గురువు, లఘువు, గురువు, లఘువు, గురువు. అందువల్లనే ఒకే మకుటం రెండింటికీ ఇమిడింది. ఇమడడమే కాదు, మకుటంలోని మొదటి అక్షరమైన ‘దా’ రెండు వృత్తాలలోనూ సరిగా యతిస్థానం మీద కూర్చున్నది.

దీని పర్యవసానం గట్టిది. తక్కిన మూడు పాదాలలో యతిస్థానాక్షరాన్ని కవి తన ఇచ్చవచ్చినట్లు ఎంచుకోవచ్చు. పాదాద్యక్షరానికి తగినట్లు యతిని మార్చుకోవచ్చు, లేదా యతికి తగినట్లు పాదాద్యక్షరాన్ని మార్చుకోవచ్చు. నాల్గవ పాదంలో ఈ వెసులుబాటు లేదు. యతి ‘దా’ అని శతకారంభానికి ముందే నిర్ణయమైపోయింది. కనుక ప్రతి పద్యంలోనూ నాల్గవ పాదపు మొదటి అక్షరం ‘దా’తో మైత్రి గలది కావాలి. రెండవ అక్షరం ఆ పద్యం ప్రాస కావాలి. మొదటి రెండు అక్షరాలూ నియతమైన పదాన్ని కవి నూటికి పైబడిన పర్యాయాలు వెదకి తీరవలసి వచ్చింది.

మకుటాలన్నీ ఇట్లా కవిని బంధించవు. భాస్కర శతకంలో మకుటం పాదాంతంలోని మూడక్షరాలే. అది యతిస్థానానికి చాలా దూరాన ఉంటుంది. సుమతీ శతకంలో ‘సుమతీ’ అన్న పిలుపు కందపద్యపు చివరి గణం, అక్కడ యతి నాల్గవ గణాద్యక్షరానిది. ఆటవెలదికి ప్రాసనియమమే లేదు కాబట్టి వేమన మకుటానికి ఈ చిక్కే రాదు. దాశరథీ శతకంతో సరితూగే బంధం ధూర్జటిది. శ్రీకాళహస్తీశ్వర శతకపు మకుటంలో ఏడక్షరాలు. శార్దూలంలో 13వ అక్షరం, మత్తేభంలో 14వ అక్షరం యతిస్థానాలు. రెండింటిలోనూ అక్కడికి వచ్చి పడేది ‘శ్రీ’. ఐతే ధూర్జటికి ద్వారాలు రెండు. ‘శ్రీ’లోని శకారానికి చ, ఛ, జ, ఝ, ష, సలతో మైత్రి ఉన్నది, సంయుక్తాక్షరం కావడంవల్ల రేఫతోనూ యతి చెల్లించవచ్చు. రామదాసుకు ఉన్నది తవర్గపు ద్వారమొక్కటే. బిందుపూర్వకమైన దకారానికి నకారంతో యతి చెల్లుతుందని లాక్షణికులు అనుమతించినా, అది మకుటానికి ముందు నిండుసున్న పడినప్పటి మాట.

వెదకవలసిన పదం ఎట్టిది

‘దా’తో యతి చెల్లే హల్లులు త, థ, ద, ధలు. చెల్లే అచ్చులు అ, ఆ, ఐ, ఔలు. థకారాదిపదాలు లేవన్నంత తక్కువ కనుక వాస్తవంలో హల్లులు మూడే. ఇక్కడి నుంచి ఉత్పలమాలకూ చంపకమాలకూ దారులు చీలిపోతాయి.

ఉత్పలమాల పాదాద్యక్షరం గురువు. అది దీర్ఘంవల్లనైనా గురువు కావచ్చు, తరువాతి సంయుక్తాక్షరంవల్లనైనా, నిండుసున్నవల్లనైనా కావచ్చు. రేఫ ప్రాసకు తారక, దారుణ, ధారుణి, పకారానికి తాపస, నకారానికి దానవ, మకారానికి తామర, తామస, ధామము, సకారానికి దాసుడ, వకారానికి దైవము — ఇవన్నీ ఒక గురువు మీద రెండు లఘువులుగా నడిచి భగణాన్ని నింపే మాటలే. సంయుక్తప్రాసకు ధర్మము, తత్త్వము, ధైర్యము, దైత్యుల వంటివి సిద్ధంగా ఉన్నాయి. బిందుప్రాసకు దండన, దంపతి మొదలైనవి ఉన్నాయి. తల్లివి, తండ్రివి అన్న అచ్చతెలుగు మాటలు సైతం ఇక్కడే ఒదుగుతాయి. ఉత్పలమాలలో కవి గడపవలసిన బతుకు అంత దుర్భరం కాదు.

చంపకమాలలో పరిస్థితి వేరు. పాదారంభంలో వరుసగా నాలుగు లఘువులు, ఆపై గురువు, లఘువు రావాలి. మొదటి అక్షరం లఘువు కావాలంటే ఆ, ఐ, ఔలు మూడూ తొలగిపోతాయి. సంయుక్తప్రాస, బిందుప్రాస మొదటి అక్షరాన్ని గురువు చేస్తాయి గనుక అవీ తొలగిపోతాయి. మిగిలేది హ్రస్వాకారంతో కూడిన త, ద, ధలు; వాటి వెనువెంట ఒంటిహల్లు ప్రాస. ఉదాహరణకు శకారం ప్రాస ఐన పద్యంలో ‘దశరథరాజ’ అని ఎత్తుకోవచ్చు. నాలుగు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు. లెక్క సరిపోయింది. రేఫకు ‘ధరణిజనాథ’, ‘తరణికులేశ’, పకారానికి ‘తపనకులేశ’, నకారానికి ‘దనుజకులారి’, యకారానికి ‘దయ గనుమయ్య’, డకారానికి ‘తడయక కావు’, మకారానికి ‘తమమును బాపి’. ఇవి శతకంలోని ప్రయోగాలు కావు, తరగతిలో అభ్యాసం కోసం కూర్చిన మచ్చులు మాత్రమే.

ఈ మచ్చులను వరుసగా చూచినప్పుడు ఒక విశేషం బయటపడుతుంది. దశరథుడు, దశకంఠుడు, దనుజులు, దానవులు, దైత్యులు, ధరణిజ, ధనుస్సు, ధర్మం, తాపసులు, తారకనామం, తపనవంశం, దయ, దాసుడు, దైవం — రామకథకూ రామభక్తికీ అవసరమైన పదసంపదలో పెద్ద భాగం తవర్గంతోనే మొదలవుతున్నది. మకుటం ‘దా’తో మొదలుకావడంవల్ల యతి కవిని పరాయి పదాల వైపు నెట్టలేదు, తన కథలోని పదాల వైపే నడిపింది. ‘రామ’ అన్న పిలుపు యతిస్థానంలో ఉండి ఉంటే పాదాద్యక్షరం రేఫ కావలసి వచ్చేది. అచ్చతెలుగులో రేఫాదిపదాలు కొద్ది. సంస్కృతం మీదనే ఆధారపడవలసి వచ్చి శైలి బరువెక్కేది. త, దలతో మొదలయ్యే దేశ్యాలకు కొదవలేదు: తల, తల్లి, తండ్రి, తగవు, తడవు, దారి, దరి, దాచు, దాటు. రామదాసు ఈ లాభనష్టాలను లెక్కవేసి మకుటాన్ని ఎన్నుకున్నాడని చెప్పడానికి ఆధారం అవసరం, అట్లా చెప్పనవసరమూ లేదు. ఫలితం మాత్రం పద్యాలలో ప్రత్యక్షం.

ప్రసంగవశాన మరొక్క మాట. రాముణ్ణి ‘రామ’ అనకుండా పిలువవలసిన నిర్బంధం తెలుగులో ఇంకొక చోటా ఎదురైంది. 16వ శతాబ్దికి చెందిన మరింగంటి సింగరాచార్యులు పెదవులు తగలని అక్షరాలతోనే రామకథను నిర్వహించినప్పుడు, మకారం ఓష్ఠ్యం కావడంవల్ల కథానాయకుని పేరే నిషిద్ధమైంది. కావ్యానికి ‘దశరథరాజనందన చరిత్ర’ అన్న పేరు ఆ నిషేధంనుంచి పుట్టినదే. ‘దాశరథి’లోనూ ఓష్ఠ్యం లేదు. దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుని కథను నిరోష్ఠ్యంగా చెప్పించిన నాటినుంచి ఈ సంప్రదాయం విజ్ఞులకు విదితమే. అమెరికాలో ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ ‘ఇ’ అక్షరం లేకుండా నవల వ్రాసి 1939లో ప్రకటించినది ఈ జాతి రచనే.

మరొక అనుకూలత సంధులకు సంబంధించినది. ద్రుతం మీద పరుషానికి సరళం వచ్చినా, ప్రథమ మీద గసడదవాదేశం జరిగినా తకారం దకారమవుతుంది. ఆ మార్పు యతిని చెరచదు, ఎందుకంటే త, దలు ఒకే యతివర్గానికి చెందినవి. కకారం గకారమైనా, చకారం జకారసకారాలలో ఏది ఐనా, పకారం బకారవకారాలలో ఏది ఐనా ఇదే స్థితి. ఆదేశసంధులు యతివర్గపు గీటు దాటవు. యతిమైత్రి కేవలం లాక్షణికుల కట్టుబాటే తప్ప భాషాస్వభావంతో సంబంధం లేనిదని వాదించేవారు ఈ పొందికను గమనించవలసి ఉన్నది.

పదం మధ్యనుంచి పాదం

ఇంతవరకు చెప్పినది పదాది, పాదాది ఒకటైనప్పటి మాట. తెలుగు పద్యంలో పదం పాదాంతాన్ని దాటి ప్రవహించవచ్చు. ఈ స్వాతంత్ర్యం లేకపోతే అల్పప్రాసలతో, అంటే ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, ఫ వంటి అక్షరాల ప్రాసతో, ఇట్టి మకుటం గల శతకంలో చంపకమాల వ్రాయడం అసాధ్యప్రాయమయ్యేది. తకారం వెంట ఖకారం గల పదం దేశ్యంలోగాని తత్సమంలోగాని వెదకితే చేతికి చిక్కదు. కాని సమాసపు అతుకు దగ్గర ఆ జంట సులభంగా పుడుతుంది.

ఖరాసురుణ్ణి తీసుకోవచ్చు. ఖరదూషణాదులను రాముడు సంహరించిన కథ భద్రాచల పరిసరాలలో నేటికీ వినిపించేదే. దుమ్ముగూడెం అన్న ఊరిపేరును జనవాక్యం ఆ రాక్షసుల బూడిదతో ముడిపెడుతుంది. ఖకారప్రాసతో చంపకమాల సాగుతున్నదనుకుంటే, ‘విధూతఖరసురారి’ అన్న సమాసాన్ని మూడవ పాదం చివర ఎత్తుకొని నాల్గవ పాదంలోనికి నడపవచ్చు. ‘వి’ లఘువు 20వ స్థానంలో, ‘ధూ’ గురువు 21వ స్థానంలో నిలిచి మూడవ పాదం ముగుస్తుంది. నాల్గవ పాదం తకారంతో మొదలవుతుంది. రెండవ అక్షరం ఖకారం. ‘తఖరసు’ నాలుగు లఘువులు, ‘రా’ గురువు, ‘రి’ లఘువు. తకారానికీ మకుటంలోని ‘దా’కూ యతి. ఖకారంతో ప్రాస. నిఘంటువులో ఎక్కడా లేని ‘తఖ’ అన్న అక్షరద్వయం రెండు పదాల సరిహద్దున దొరికింది.

జకారప్రాసకు దీనికంటె రమ్యమైన మార్గమున్నది. భక్తిశతకంలో మాటిమాటికీ కావలసిన మాట ‘భక్త’. పాదాంతం దానిని రెండుగా విడదీస్తే, ‘క్త’ పరం కావడంవల్ల ‘భ’ గురువై మూడవ పాదాన్ని ముగిస్తుంది. ‘క్త’ నాల్గవ పాదానికి ఆద్యక్షరమవుతుంది. సంయుక్తాక్షరంలోని ఏ హల్లుకైనా యతి చెల్లుతుంది కనుక అందులోని తకారం ‘దా’తో చెలిమి చేస్తుంది. ‘భక్తజనశరణ్య’ అన్న సంబోధన ఈ విధంగా జకారప్రాసకు సరిపోతుంది. ‘క్తజనశ’ నాలుగు లఘువులు, ‘ణ్య’ పరం కావడంవల్ల ‘ర’ గురువు, ‘ణ్య’ లఘువు. భకారంతో మొదలయ్యే ‘భక్త’ పైకి చూస్తే దాశరథీ మకుటంతో యతి కుదరని మాట. విరిచిన చోట అదే కుదిరింది.

అందువల్ల ఈ కవి వెదకేది కొన్ని అక్షరాలతో మొదలయ్యే పదాన్ని మాత్రమే కాదు, ఆ అక్షరాలు ఎక్కడో ఒకచోట పక్కపక్కన గల పదాన్ని. అన్వేషణక్షేత్రం ఒక్కసారిగా విశాలమవుతుంది. ప్రాస మొదటి పాదంలోనే కట్టుబడుతుంది కాబట్టి, నాల్గవ పాదారంభాన్ని చూచుకొన్న తరువాతనే మొదటి పాదపు ప్రాసను కవి నిశ్చయించి ఉంటాడనడం సమంజసం. పఠితకు చివర వచ్చేది రచయితకు ముందే వచ్చి ఉండాలి.

నిఘంటువుల సాయం

ఇట్టి పదాన్వేషణానికి నిఘంటువు ఎంతవరకు తోడ్పడుతుంది? బ్రౌన్ దొర 1852లో ప్రకటించిన నిఘంటువైనా, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885) ఐనా అకారాదిక్రమంలో కూర్చినవి. ‘త’ మొదలు, ఆపై ‘ర’ కావాలంటే శబ్దరత్నాకరంలో తకారం కింద తర, తరి, తరు అని వెదకవచ్చు. పదాదిని వెదకేవానికి ఆ సాయం చాలు. శకటరేఫను వేరుగా చూపడంవల్ల తరి (ఓడ), తఱి (సమయం) అన్న భేదం కూడ తెలుస్తుంది. రెండు రేఫలకు ప్రాసను అంగీకరించని లాక్షణికుల మతాన్ని అనుసరించేవారికి ఇది ముఖ్యం. శకటరేఫ గల పదాలను పట్టికలుగా కూర్చిన మన లక్షణగ్రంథకారులు చేసిన పని, ఒక నియతాక్షరం గల పదాలను ఏరడమే.

పదమధ్యాన్ని, పదాంతాన్ని వెదకేవానికి సంస్కృతకోశాలు మేలు. అమరకోశంలో నానార్థవర్గం ఆద్యక్షరాన్ని బట్టి కాక అంత్యహల్లును బట్టి కాంతాలు, ఖాంతాలు, గాంతాలు అన్న క్రమంలో సాగుతుంది. విశ్వప్రకాశం, మేదినీకోశం ఈ క్రమాన్నే విస్తరించాయి. మేదినిలో అక్షరసంఖ్యను బట్టి కూడ విభాగం ఉన్నది. రెండక్షరాల పదంలో అంత్యహల్లే ప్రాసాక్షరమన్నది స్పష్టం. అంటే ఖాంతాలలో ద్వ్యక్షరాలను చూస్తే ఖకారప్రాసకు పనికివచ్చే పదాలు ఒకచోట దొరుకుతాయి. నానార్థపదాల కోసం ఏర్పడిన ఈ అమరిక పద్యరచయితకు అయాచితంగా ప్రాసకోశమైంది. అమరంలో ఖాంతాలు ఎంత స్వల్పమో చూచినవారికి ఖకారప్రాస ఎందుకు అరుదో వేరే చెప్పనక్కరలేదు. అమరాన్ని కంఠస్థం చేయించిన పాత చదువులో ఈ ప్రయోజనం కూడ ఇమిడి ఉన్నది. విద్యార్థికి దాని పేరు ఎవరూ చెప్పకపోయినా, అవసరమైనప్పుడు పదం నోటికి వచ్చేది.

ఆంగ్లంలో ఈ పనికి ఒక తేలిక ఉపాయం ఉన్నది. పదంలోని అక్షరాలన్నిటినీ వారి అకారాదిక్రమంలో పేర్చితే వచ్చేది ఆ పదానికి తాళంచెవి వంటిది. వినడాన్ని తెలిపే ‘లిజన్’, మౌనాన్ని తెలిపే ‘సైలెంట్’ ఒకే ఆరు అక్షరాల కూర్పులు గనుక రెండింటికీ తాళంచెవి ఒక్కటే. పదాల పట్టికను ఇట్లా తిరిగి పేర్చితే, ఇచ్చిన అక్షరాలకు తగిన పదాలు క్షణంలో బయటపడతాయి. కంప్యూటరుకు ఇది సులభసాధ్యం.

తెలుగుకు ఈ ఉపాయాన్ని యథాతథంగా దిగుమతి చేసుకోవడం కుదరదు. ఆంగ్లంలో అక్షరానికి వర్ణమే ప్రమాణం. తెలుగులో అక్షరం హల్లు, అచ్చుల కూడిక. ఒక్కొక్కప్పుడు రెండు మూడు హల్లుల కూడిక. యూనికోడ్ 1991లో వెలువడిన తొలి కూర్పునుంచే తెలుగు లిపికి అందులో స్థానమున్నది గాని, అందులో ‘దా’ రెండు సంకేతాలు, ‘క్త’ మూడు సంకేతాలు. ఛందస్సు చూపు ఈ రెంటికీ భిన్నమైనది. ప్రాస హల్లును పట్టించుకొని అచ్చును వదలివేస్తుంది. యతి అచ్చును వర్గంగానూ, హల్లును వర్గంగానూ చూస్తుంది. గణం రెంటినీ వదలి మాత్రను మాత్రమే చూస్తుంది. ఒకే అక్షరాన్ని మూడు కళ్ళతో చూడగల తాళంచెవి కావాలి. ‘తరణికులేశ’కు ఆ తాళంచెవి ఇట్లా ఉంటుంది: యతికి తవర్గం, అకారం, ప్రాసకు రేఫ, గణానికి నాలుగు లఘువులు, గురువు, లఘువు. ప్రాచ్యకళాశాలలో ఛందస్సు నేర్చే విద్యార్థులచేత ఈ మూడంశాలతో చీటీలు వ్రాయించి, నాల్గవ పాదాలను వర్గీకరింపజేస్తే, లక్షణసూత్రాలు వల్లించడంకంటె అధికఫలం కలుగుతుంది. యంత్రం ఈ చీటీలను వేగంగా పేర్చగలదు. ఐతే ‘తఖ’ వంటి జంటను యంత్రం పదపట్టికలో వెదకి, లేదని చెబుతుంది. సమాసం పట్టికకు లొంగే వస్తువు కాదు. ఆంగ్లక్రీడలో నిఘంటువులో లేని పదం చెల్లదు. ఇక్కడ నిఘంటువులో లేనిదానిని సృష్టించడమే కవి పని.

పాఠనిర్ణయంలో వినియోగం

శతకాలు నోటినుంచి నోటికి నడిచే రచనలు. భజనలలో పాడేటప్పుడు, పిల్లలు కంఠస్థం చేసేటప్పుడు మాటలు మారుతుంటాయి. ముద్రణకు ఎక్కిన తరువాతనూ పాఠభేదాలు నిలుస్తాయి. దాశరథీ శతకపు నాల్గవ పాదాలకు పరిష్కర్త చేతిలో ఒక గట్టి పరీక్ష ఉన్నది. దాని బలమెంతో, బలహీనతయెంతో తెలిసి ఉపయోగించాలి.

రేఫప్రాస గల ఒక చంపకమాలను ఊహించుకొంటే, ఒక ప్రతిలో నాల్గవ పాదం ‘తరణికులేశ’ అనీ, మరొక ప్రతిలో ‘రవికులనాథ’ అనీ ఉన్నవనుకుందాం. అర్థం ఒక్కటే, సూర్యవంశప్రభువని. గణాలూ ఒక్కటే. పాడేవాని నోటికి రెండూ సమానమే, రెండవది మరికొంత తేలిక కూడ. కాని ‘ర’కు ‘దా’తో యతి లేదు, వకారం ప్రాసకు నిలువదు. రెండవ పాఠం తొలగిపోతుంది. మూడవ ప్రతిలో ‘తపనకులేశ’ అని ఉంటే యతి నిలిచినా, పకారం ప్రాసకు నిలువదు. అదీ తొలగిపోతుంది. ఇంతవరకు పరీక్ష నమ్మదగినది.

నాల్గవ ప్రతిలో ‘ధరణిజనాథ’ అని ఉంటే? యతి ఉన్నది, ప్రాస ఉన్నది, గణం ఉన్నది, అర్థమూ రామపరమే. పరీక్ష ఇక్కడ మూగబోతుంది. ఇట్టి చోట పరిష్కర్త తనకు నచ్చినదానిని మూలంలో నిలిపి, రెండవదానిని అధోజ్ఞాపికకైనా ఎక్కించకుండా వదలడం సాహసం. ఇంతకంటె సాహసం మరొకటున్నది. అన్ని ప్రతులలోనూ యతి తప్పిన పాఠమే కనిపించినప్పుడు, పైని చెప్పిన తాళంచెవిని పట్టుకొని సరిపోయే మాటను పరిష్కర్తయే కూర్చగలడు. మచ్చుకు కూర్చిన సమాసాలే ఇందుకు నిదర్శనం. అవి గణయతిప్రాసలన్నిటికీ సరిపోతాయి, రామదాసువి మాత్రం కావు. నియమానికి లొంగినంతమాత్రాన మాట కవిది కాదు. నియమం తప్పినంతమాత్రాన కవిది కాకపోదు కూడ. లక్షణానికి లొంగని యతులు భక్తకవుల రచనలలో కనిపించడం అరుదు కాదు. అట్టి దిద్దుబాటు అవసరమైన చోట దానిని పరిష్కర్త ఊహగా గుర్తువేసి, ప్రతులలోని పాఠాన్ని చెక్కుచెదరకుండా పక్కన ముద్రించవలసి ఉన్నది. ‘తరణికులేశ’, ‘ధరణిజనాథ’ వంటి జంటలలో నిర్ణయం వ్రాతప్రతుల ప్రాచీనతది, ఆ పద్యంలోని మొదటి మూడు పాదాల సందర్భానిది. సీతాప్రసక్తి గల పద్యంలో ధరణిజ, పరాక్రమమో వంశగౌరవమో ప్రస్తుతమైన పద్యంలో తరణి.